ఇరుసుకి కరుచుకున్న బేరింగు

జూలై 29, సోమవారం

వీరభద్రరావు గారి ఫోర్ వీల్ జీపు వచ్చింది. ముందు ఎడమ చక్రం మూలుగు ఫరంపేట మలుపు దగ్గరుండగానే షెడ్డులోకి వినబడింది. వరద నీళ్ళలో నాలుగు రోజులు అడవిపొలం రొయ్యల చెరువుల గట్ల మీద తిప్పాడంట. హబ్బులోకి నీళ్ళు పోతే గ్రీజు ఉంటుందా, మజ్జిగైపోతుంది.

"గురువారానికి కావాలి సెబాస్టియనూ. రొయ్యల పట్టుబడి పెట్టుకున్నాను" అన్నాడు.

ఆయ్, అన్నాను.

చక్రం ఊడదీస్తే హబ్బు నట్టు చుట్టూ ఉలి గాట్లు. ఆనంద్ టార్చి వేసి చూసి "ఎవడో కసాయోడు చేసుంటాడు బావా ఈ పని" అన్నాడు.  పోయినేడు ఆ నట్టు విప్పింది నేనే. ఇరవయ్యేళ్ళుగా అలాగే విప్పుతున్నాను. ఉలి ఆనించి నాలుగు దెబ్బలేస్తే కదలని నట్టు ఇంతవరకూ చూళ్ళేదు.

వాడికి తెలిసే అన్నాడేమో.

ఆనంద్ కాకినాడలో పెద్ద వర్క్‌షాపులో ఆరేళ్ళు చేసొచ్చాడు. అక్కడ ప్రతి నట్టుకీ దాని సామాను దానికుంటదంట. ఇవాళ ఒక లిస్టు చెప్పి రాసుకోమన్నాడు. హబ్బు నట్టుకి ఎనిమిది మూలల బాక్సు స్పానరు, గోడ పల్చగా ఉండాలి. బేరింగు లాగడానికి పుల్లరు. బేరింగు దించడానికి ఇత్తడి కమ్మీ, ఇనుముతో ఇనుముని కొట్టకూడదంట. బిగింపు చూసుకోడానికి టార్కు రెంచి. కళ్ళద్దాలు.

"కళ్ళద్దాలెందుకురా, నాకు చత్వారం వచ్చిందా?" అన్నాను. నవ్వలేదు. ఫిలోమినా తమ్ముడు కాబట్టి ఊరుకుంటున్నాను. షెడ్డు స్థలం వాళ్ళమ్మదే అన్న పొగరు కూడా ఉంది.

ఫిలోమినా మాట్లాడటం లేదు. నిన్న చర్చిలో పూజ నించి వచ్చాక ఏదో మాట మీద మాట పెరిగి చెయ్యి జారింది. ఒక్కసారే. పదమూడేళ్ళ కాపరంలో ఒక్కసారి.

ఇంట్లో పలికే మనిషి లేక ఇందులో రాస్తున్నాను. సామాన్ల కొట్టువాడు జనవరిలో ఇచ్చిన డైరీ. ఇన్నాళ్ళూ ఫోను నెంబర్లకే వాడాను.


జూలై 30, మంగళవారం

హబ్బు ఊడదీశాం. బేరింగు రోలర్లన్నీ పొడైపోయాయి. లోపలి ఉంగరం మాత్రం కాలిపోయి, నీలం తిరిగి, ఇరుసుకి కరుచుకుపోయింది. ఇరుసూ ఉంగరం ఒకే ముక్కలా ఉన్నాయి.

"పుల్లరు తెచ్చుకుందాం బావా. పూటలో కాకినాడ వెళ్ళొచ్చేస్తాను" అన్నాడు ఆనంద్.

"నేను పుల్లర్లు లేకుండానే ఇల్లు గడిపాను."

"గడిపావు. ఇరుసులెన్ని పాడయ్యాయో లెక్కలేదు."

గ్రీజు డబ్బా చేతిలోంచి జారి గోడకి తగిలింది. గోడంతా గ్రీజు. వాడు గుడ్డ తెచ్చి తుడిచాడు, ఒక్క మాట అనకుండా. అనుంటే బాగుండేది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్తే జాస్మిన్ తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తింది. పన్నెండేళ్ళకే అమ్మలాగా మూతి బిగించడం వచ్చేసింది.


జూలై 31, బుధవారం

ఉంగరం కదల్లేదు. గేసు పెట్టి ఎర్రగా కాల్చాం, కదల్లేదు. రేపు గురువారం.


ఆగస్టు 1, గురువారం

ఆనంద్ కంట్లో ఇనప ముక్క ఎగిరిపడింది. కుడి కన్ను. కాకినాడ తీసుకెళ్ళాం. ఎవరి తప్పూ కాదు.


ఆగస్టు 2, శుక్రవారం

బేరింగు ఉంగరం గట్టి ఉక్కు. దాని మీద ఉక్కు ఉలి పెట్టి కొడితే ఒక్కోసారి పెచ్చు లేస్తుంది. ఎవడు కొట్టినా లేస్తుంది. వాడి మొహం అక్కడుంది, అంతే.

వాడు అరవలేదు. అది రాసుకోవాలి. కంటి మీద చెయ్యి పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలాంటిదేదో కారింది, దాని వెనకాల రక్తం. నేను చెయ్యి తీయించి చూశాను. చూడకుండా ఉండాల్సింది. నల్లగుడ్డు మధ్యలో గీత పడి, ఆ గీతలోంచి ఏదో బయటికి వస్తోంది. వాడి చొక్కాతోనే కట్టు కట్టి ఆటో ఎక్కించాను. తాళ్ళరేవు దాటేదాకా నా మోకాలి మీద తల పెట్టుకుని పడుకున్నాడు. "ఇంకెంత దూరం బావా?" అని ఒక్కసారి అడిగాడు.

ముక్క తీశారు. గోరులో సగం ఉంది. డాక్టరు గాజు సీసాలో వేసి చూపించాడు.


ఆగస్టు 4, ఆదివారం

ఆ కన్నుకి చూపు రాదన్నారు.

ఆసుపత్రిలో పోలీసు వచ్చి రాసుకున్నాడు. ఎలా తగిలిందని అడిగితే ఆనంద్ "పనిలో ముక్క ఎగిరిందండి. మా బావ తప్పేం లేదండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. వాడి నోటితో వాడే చెప్పాడు. కింద వేలిముద్ర కాదు, సంతకం పెట్టాడు. నా తప్పేం లేదని వాడే చెప్పాడు.

ఫిలోమినా వరండాలో నన్ను పట్టుకుని "ఎలా జరిగింది?" అని అడిగింది. చెప్పాను. "మళ్ళీ చెప్పండి" అంది. మళ్ళీ చెప్పాను. "ఇంకోసారి చెప్పండి" అంది. మూడోసారి చెప్తుంటే నా కళ్ళలోకి కాదు, నా చేతుల వంక చూస్తోంది.

"ఏంటలా చూస్తావ్?" అన్నాను.

"మొదటిసారి ఉలి ఎడమ చేత్తో పట్టుకున్నానన్నారు. ఇప్పుడు వాణ్ణి పట్టుకోమన్నానంటున్నారు."

గాభరాలో ఏదో అనుంటాను. మనిషి గాభరాలో ఉంటే మాటా మాటా కలుస్తుందా?


ఆగస్టు 5, సోమవారం

ఫిలోమినా జాస్మిన్‌ని తీసుకుని ఫరంపేటలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. తమ్ముడికి చాకిరీ చెయ్యాలిగా, అందుకని. స్కూలు సంచీ, కుట్టు మిషనూ కూడా పట్టుకెళ్ళింది.

ఇంట్లో ఒక తలుపు రెక్క ఊడింది.


ఆగస్టు 7, బుధవారం

కాకినాడ సామాన్ల కొట్టుకి వెళ్ళాను. లిస్టులో ఉన్నవన్నీ తెచ్చాను. ఒక్కటీ వదల్లేదు.

బాక్సు స్పానరు ఎనిమిది మూలలది అడిగి తీసుకున్నాను. ఆరు మూలలది చూపించి ఇదీ పడుతుందన్నాడు కొట్టతను, నేను ఒప్పుకోలేదు. మూల సరిగ్గా కూచోకపోతే నట్టు నలుగుతుంది. ఆ మాట ఆనంద్‌ది. నా మాటలాగే చెప్పాను. ఇత్తడి కమ్మీ జానెడున్నర పొడుగు, బొటనవేలంత లావు. చేత్తో పట్టుకుంటే ఇనుములా కాదు, చల్లగా, మెత్తగా ఉంటుంది. దెబ్బ వేస్తే తను నలుగుతుంది గానీ బేరింగుని గాయపరచదు. టార్కు రెంచి పెట్టెలో ఉంది, కొట్టతను తీసి తిప్పి చూపించాడు. చాలినంత బిగింపు రాగానే టిక్కుమంటుంది. ఇక చాలు ఆపమని చెప్పే సామాను ఇదొక్కటే.

పుల్లర్లు రెండు రకాలున్నాయి. ఒకటి మూడు కొమ్ములది, రాక్షసి గోళ్ళలా పెద్దగా ఉంటుంది. ఇంకోటి రెండు చెక్కలుగా ఉండి బేరింగు వెనక్కి దూరి పట్టుకుంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు.

"బేరింగు వెనకాల కొమ్ము దూరే సందుందా?" అని అడిగాడు.

"ఉంది."

"కొలిచారా?"

"ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నానయ్యా నేను."

మూడు కొమ్ములదే తెచ్చాను. కళ్ళద్దాలు రెండు జతలు తీసుకున్నాను. బస్సెక్కాక ఆలోచిస్తే రెండో జత ఎవరికోసమో తెలియలేదు.


ఆగస్టు 9, శుక్రవారం

బేరింగు వెనకాల సందు లేదు.

కొమ్ములు ఉంగరం అంచు పట్టుకుంటాయి, బోల్టు తిప్పగానే జారిపోతాయి. ఏడుసార్లు పెట్టాను. ఏడోసారి కొమ్ము జారి నా పిడికిలి మడ్‌గార్డు రేకుకి తగిలింది. కణుపులు చెక్కుకుపోయాయి.

జీపు హెడ్‌లైట్లు రెండూ పగిలాయి. ముందు అద్దం కూడా.

వీరభద్రరావు గారు ఫోను చేసి పట్టుబడికి వేరే బండి పెట్టుకున్నానన్నాడు. "ఆ కుర్రాడికెలా ఉంది?" అని అడిగాడు. ఆనంద్‌కి ముప్పై నాలుగేళ్ళు. కుర్రాడంట.


ఆగస్టు 11, ఆదివారం

పూజకి వెళ్ళాను. ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి నిలబడ్డ వరసలో నేనూ నిలబడ్డాను. నా ముందు ఇద్దరుండగా బయటికి వచ్చేశాను. ప్రమాదానికి ఎవడైనా పాపసంకీర్తనం చేస్తాడా?


ఆగస్టు 13, మంగళవారం

పొద్దున్నే ఆరోగ్యమ్మ షెడ్డుకి వచ్చింది. కొడుకుని ఇంటికి తెచ్చినప్పట్నించీ అత్తగారు నా గుమ్మం తొక్కడం ఇదే. చేపల తట్ట గుమ్మంలో దించి లోపలికొచ్చింది. కొత్త సామాన్లు బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టుకుని ఉన్నాను.

"ఏంటివి?"

"ఆనంద్ చెప్పిన సామాన్లత్తా. అన్నీ తెచ్చేశాను."

"ఎప్పుడు చెప్పాడు?"

"మొన్నామధ్య. ముందే."

"ముందంటే? కన్నుండగానా?"

 ఆవిడ బాక్సు స్పానరు తిప్పే ఇనప కడ్డీ తీసుకుంది. చూస్తోందనుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ కింద ఎముక మీద పడింది, టప్పుమన్న చప్పుడు లోపల్నించి వినబడింది నాకు. అరవై మూడేళ్ళు ఆవిడకి. రోజూ తట్ట మోసే మనిషి.

"నా కూతుర్ని కొట్టినప్పుడల్లా ఊరుకున్నాను. కాపరం, కాపరం అని నేనే దాని నోరు మూశాను. వాడి కన్ను పోయింది, ఇది నాక్కావాల్సిందేరా. వాడికి కాదు, నాకు" అంటోంది. నన్ను 'రా' అనడం అదే మొదలు. అంటూనే మూడోసారి ఎత్తింది.

నేను ఆవిడ మీద చెయ్యి చేసుకోలేదు. మణికట్టు పట్టుకున్నాను. పట్టుకున్నానంతే. కడ్డీ కిందపడ్డాక వదిలేశాను.

ఏడవలేదావిడ. చెయ్యి పొట్టకి ఆనించుకుని, రెండో చేత్తో తట్ట ఎత్తుకోబోయి, ఎత్తుకోలేక, వదిలేసి వెళ్ళిపోయింది. ఎండెక్కాక చేపలు కంపు కొట్టాయి. కాకులు షెడ్డు లోపలిదాకా వచ్చాయి. మధ్యాహ్నం తట్టతో సహా తీసుకెళ్ళి కాలవలో పారేశాను.


ఆగస్టు 14, బుధవారం

ఎడం చెయ్యి పైకి లేవడం లేదు. మెడ ఎముక దగ్గర ఉబ్బింది. కట్టు నేనే కట్టుకున్నాను.

వీరభద్రరావు గారు జీపు చూసుకోడానికి వచ్చాడు. పగిలిన అద్దాలు చూశాడు.

"మీ అత్తగారి చేతికి పిండికట్టు వేశారంట. మణికట్టు రెండు చోట్ల విరిగిందంట" అన్నాడు.

"జారిపడుంటారండి."

 "సెబాస్టియనూ, నీ చుట్టుపక్కల అన్నీ జారిపోతాయేంటయ్యా?" అని, జీపు తలుపు మీద ఒకసారి చెయ్యేసి, వెళ్ళిపోయాడు.

కోపం రావాలి. రాలేదు.


ఆగస్టు 15, గురువారం

ఇవాళ జెండా. రేపు ఫ్రెంచివాళ్ళు కాయితం మీద అప్పజెప్పిన రోజని మళ్ళీ జెండా. మన యానాంలోనే రెండు. షెడ్డు తియ్యలేదు.

ఈ డైరీ మొదట్నించీ చదివాను. డబ్బా జారింది. చెయ్యి జారింది. తలుపు ఊడింది. అద్దాలు పగిలాయి. ముక్క ఎగిరింది.


ఆగస్టు 19, సోమవారం

తొమ్మిదింటికి ఎర్రటోపీ పోలీసులిద్దరు వచ్చి స్టేషనుకి రమ్మన్నారు. అత్తగారి చెయ్యి సంగతేమో అనుకున్నాను. కాదు, ఫిలోమినా కాయితం ఇచ్చింది.

ఎస్సై గారు కూచోమన్నాడు. కాయితం నాలుగు పేజీలుంది, ఫిలోమినా రాత. ఆమె రాత చూసి ఎన్నాళ్ళైందో.

"నువ్వు కొట్టేవాడివా?" అన్నాడు.

"ఒక్కసారండి. మొన్న."

"ఒక్కసారా?" అని చదవడం మొదలెట్టాడు.

తేదీలున్నాయి. పెళ్ళయిన నాలుగో నెల, బియ్యం డబ్బా మూత. జాస్మిన్ కడుపులో ఉండగా ఆరో నెలలో, మెట్ల మీద తోయడం. పిల్ల ఐదో పుట్టినరోజున కేకు కోశాక, చుట్టాలు వెళ్ళాక. ఫలానా క్రిస్మస్ ముందు రోజు, బెల్టు. కరోనా టైములో మూడు. అడవిపొలం వాళ్ళ పెళ్ళిలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడినందుకు, తిరిగొస్తుంటే దార్లో బండి ఆపి. మొన్న జూలై ఇరవై ఎనిమిది, చెవి మీద. ఆ చెవితో అప్పట్నించీ సరిగ్గా వినబడటం లేదంట.

పదిహేడు ఉన్నాయి.

ఒక్కొక్కటీ ఆయన చదువుతుంటే నాకు గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే ఈ మనిషి అబద్ధం రాసిందని అరిచేవాణ్ణి. అన్నీ గుర్తున్నాయి. బియ్యం డబ్బా మూత రంగు గుర్తుంది. పెళ్ళి నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఏ రాయి దగ్గర బండి ఆపానో అది గుర్తుంది. ఇన్నేళ్ళూ ఒక్కసారి, ఒక్కసారి అనుకుంటూ ఈ పదిహేడింటినీ ఎక్కడ దాచుకున్నాను?

ఫిలోమినా గోడ పక్క బెంచీ మీద కూచుని ఉంది. చీర కొంగు చెవి మీదికి లాక్కుంది.

"ఏమంటావ్?" అన్నాడు ఎస్సై.

"నిజమేనండి."

ఆయన తల ఎత్తాడు.

"పద్దెనిమిదోది కూడా రాయండి" అన్నాను. "ఆనంద్ కన్ను."

"అది పనిలో తగిలిందని అతనే రాసిచ్చాడు కదయ్యా."

"అబద్ధం చెప్పాడండి."

"ఎందుకు చెప్తాడు?"

నేను ఫిలోమినా వంక చూశాను. "నేను జైలుకి పోయొచ్చాక వాళ్ళక్కని చంపేస్తానని భయపడ్డాడండి."

చెప్పింది చెప్పినట్టు ఇక్కడ కూడా రాస్తున్నాను. ఆగస్టు ఒకటి మళ్ళీ రాస్తున్నాను.

ఆనంద్ ఆ పొద్దున్న ఒక ఇత్తడి ముక్క తెచ్చాడు. జెట్టీ దగ్గర పాత పడవ ఇరుసులోంచి కోయించుకుని, చివర అరగదీసి తెచ్చాడు. "కాకినాడ వద్దంటే వద్దులే బావా, దీంతోనైనా కొట్టు" అన్నాడు. నేను తీసుకుని షెడ్డు బయటికి విసిరేశాను. ఉలి ఉంగరం మీద ఆనించి, సుత్తి ఎత్తాను. వాడు పక్కన మోకాళ్ళ మీద కూచుని టార్చి పట్టుకున్నాడు. రెండు దెబ్బలేశాను.

అప్పుడడిగాడు, "అక్క చెవి వెనకాల నల్లగా కమిలిందేంటి బావా?"

"తలుపు తగిలింది."

"తలుపుకి ఐదు వేళ్ళుంటాయా?"

మూడో దెబ్బ వేశాను. వాడు టార్చి కిందపెట్టి నా మణికట్టు పట్టుకోడానికి ముందుకి వంగాడు. "ఆగు బావా, పెచ్చు లేస్తోంది" అన్నాడు. నిజమే, లేస్తోంది. మెరుస్తున్న చిన్న అంచు నాకూ కనబడింది. దాని ఎదురుగా వాడి మొహం, జానెడు దూరంలో, కళ్ళు రెండూ తెరిచి. సుత్తి పైన ఉంది. ఆపొచ్చు. చూశాను. ఉంగరాన్ని కాదు, వాణ్ణి చూస్తూ కొట్టాను. బలమంతా పెట్టి కొట్టాను.

కన్ను పోవాలని కొట్టానా? అలా అనుకోలేదు. నోరు మూసుకోవాలని కొట్టాను. ఎవరిని కొట్టినా అందుకే కొట్టాను.

ఎస్సై రాయడం అయ్యాక అత్తగారి చెయ్యి గురించి కూడా చెప్పాను. పట్టుకోలేదు, తిప్పాను. విరిగినట్టు నా చేతికి తెలిసింది. తెలిశాక కూడా ఇంకొంచెం తిప్పాను.

స్టేషన్ బెయిలు ఇచ్చారు. పిలిచినప్పుడల్లా రావాలి, ఫరంపేట ఇంటి గుమ్మం తొక్కకూడదు అని రాయించుకున్నారు. బయటికొస్తుంటే మెట్ల దగ్గర ఫిలోమినా ఎదురైంది.

"ఇవాళ నిజం చెప్పావు కదా అని నేను మెత్తబడతాననుకోకు" అంది.

పదమూడేళ్ళలో నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. సరే, అన్నాను.


ఆగస్టు 21, బుధవారం

అద్దె ఇల్లు ఖాళీ చేసేశాను. ఎదుర్లంకలో పడవలు బాగుచేసే వీరన్న చిన్న గది ఇచ్చాడు. వంతెనకి అవతల. పని కూడా ఇస్తానన్నాడు, ముందు భుజం నయం చేసుకోమన్నాడు. ఎలా విరిగిందని అడిగితే చెప్పాను. ఆయన కొంచెం దూరం జరిగి కూచున్నాడు.


ఆగస్టు 26, సోమవారం

షెడ్డు తాళాలు అప్పజెప్పమని కబురొచ్చింది. గొడవ పడకుండా ఉండటానికి వీరభద్రరావు గారు తోడొచ్చాడు. పదకొండు గంటలకి ఆనంద్, ఫిలోమినా, జాస్మిన్ ముగ్గురూ వచ్చారు.

ఆనంద్ నల్లద్దాలు పెట్టుకున్నాడు.  నేరుగా బల్ల దగ్గరికెళ్ళి నేను కొన్న సామాన్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమాడు. బాక్సు స్పానరు అందుకోబోతే మొదటిసారి వేళ్ళు జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాయి. రెండోసారి అందింది. నట్టు మీద పెట్టి చూసి "బాగానే కొన్నాడు" అన్నాడు వాళ్ళక్కతో. మూడు కొమ్ముల పుల్లరు తీసి ఒక్కసారి చూసి పక్కన పడేశాడు. తన సంచీలోంచి రెండు చెక్కల పుల్లరు తీశాడు. పాత వర్క్‌షాపులో అడిగి తెచ్చినట్టున్నాడు.

జీపు దగ్గర కూచున్నాడు. చెక్కలు రెండూ ఉంగరం వెనక్కి దూర్చి బిగించాలి. ఒంటి కన్నుతో దూరం ఆనడం లేదు. బోల్టు రంధ్రంలో పడటం లేదు. మూడుసార్లు తప్పింది. నా కాలు ఒక అడుగు ముందుకి పడింది, నాకు తెలియకుండానే.

"అక్కా, ఇలా వచ్చి ఇది పట్టుకో" అన్నాడు.

ఫిలోమినా కొంగు బొడ్లో దోపుకుని కూచుంది. చెక్కల్ని రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది. ఆ చేతులు అంత బలంగా దేన్నైనా పట్టుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆనంద్ బోల్టు తిప్పాడు. పావు చుట్టు. ఆగాడు. ఇంకో పావు చుట్టు. ఆగాడు. పది నిమిషాలు పట్టుంటుంది.  ఉంగరం కిర్రుమని ఒక నూలంత కదిలింది. తర్వాత ఇంకో నూలు. తర్వాత ఫిలోమినా ఒళ్ళో పడింది. ఇరుసు మీద నా ఉలి గాట్లు తప్ప ఏమీ కాలేదు.

"ఆకురాయితో రుద్దుకుంటే సరిపోతుంది, ఇరుసు బతికింది" అన్నాడు ఆనంద్ వీరభద్రరావు గారితో.

నేను తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోదామనుకున్నాను. గోడకి మేకుంది, రోజూ తగిలించే చోటు. ఫిలోమినా దాని కిందే నిలబడి చేతులు తుడుచుకుంటోంది. తగిలిద్దామని కుడి చెయ్యి ఎత్తాను.

ఆమె తల పక్కకి తిప్పేసి భుజం పైకి లాక్కుంది. కళ్ళు మూసుకుంది. ఆలోచించి చేసింది కాదు, ఒళ్ళు తనంతట తను చేసింది.

అంతలో జాస్మిన్ మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. చేతిలో పెద్ద స్పానరుంది, ఎప్పుడు తీసిందో. భుజం దాకా ఎత్తి పట్టుకుంది. బొటనవేలు పిడి మీదికి మడిచి, మోచెయ్యి ఒంటికి ఆనించి. అలా పట్టుకుంటే దెబ్బకి బలం వస్తుంది. ఆ పట్టు ఎవరూ నేర్పక్కర్లేదు, చూస్తే వచ్చేస్తుంది. నన్ను చూసి నేర్చుకుంది.

"దించు డాడీ" అంది.

దించాను.

"అది దించమ్మా నువ్వూ" అన్నాను.

"నువ్వు బయటికెళ్ళాక దించుతాను."

తాళాలు నేల మీద పెట్టాను. వీపు తిప్పకుండా, వెనక్కి నడుచుకుంటూ షెడ్డు బయటికి వచ్చాను, చేతులు రెండూ ఆ పిల్లకి కనబడేలా. రోడ్డు మీదికి వచ్చేదాకా అలాగే నడిచాను. అప్పుడు స్పానరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.